ఎర్రమట్టిని బట్టి మెషిన్: విక్టోరియా బంగారు వేట డైరీ

మార్చి

మెల్‌బోర్న్‌లో ఎండలు తగ్గుముఖం పట్టాయి. చలికాలం వారాంతాల్లో బంగారం వెతకడానికి వెళ్లాలని నేనూ మా బావమరిదీ చాలాకాలంగా అనుకుంటున్నాం. ఈసారి మాటలతో ఆపలేదు. బంగారం వెతికే మెషిన్ (మెటల్ డిటెక్టర్) ఏది కొన్నామో, ఎలా సెట్ చేశామో మర్చిపోకుండా రాసుకుంటున్నాను.

మేం వెళ్లే చోటు మెల్‌బోర్న్‌కు వాయవ్యంగా ఉంటుంది. డనోలీ, టర్నగల్లా, మోలియాగల్, కింగోవర్, వెడర్‌బర్న్ అన్నీ చిన్న చిన్న ఊళ్లు. ఆ ప్రాంతమంతటినీ కలిపి గోల్డెన్ ట్రయాంగిల్ అంటారు. మెల్‌బోర్న్ ఉన్న ఈ విక్టోరియా రాష్ట్రంలో 1851లో గోల్డ్ రష్, అంటే బంగారం కోసం జనం ఎగబడటం మొదలైంది. 1869 ఫిబ్రవరి 5న మోలియాగల్ దగ్గర జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అనే ఇద్దరికి ‘వెల్‌కమ్ స్ట్రేంజర్’ దొరికింది. దాదాపు 72 కిలోల ముద్ద. అదీ చెట్టు వేళ్ల దగ్గర, నేలకు అంగుళం రెండంగుళాల కిందే! డనోలీ బ్యాంకులో తక్కెడ చాలక దాగలి మీద పెట్టి ముక్కలు కొట్టి తూచారు. 1980లో కింగోవర్ దగ్గర కెవిన్ హిల్లియర్‌కు మెటల్ డిటెక్టర్‌తో 27 కిలోల ‘హ్యాండ్ ఆఫ్ ఫెయిత్’ దొరికింది. దాన్ని లాస్ వెగాస్ కేసినో ఒకటి కొనుక్కుంది.

ఈ కథలు విని మెషిన్ కొనేవాళ్లు ఎక్కువ. నాకు గురివింద గింజ ఎత్తు దొరికితే చాలు.

మాది కుప్పం వైపు. తాత కోలారు గనుల్లో పనిచేశారు. ఇంట్లో బంగారం గనులంటే మూడు కిలోమీటర్ల లోతు, వేడి, దుమ్ము, ఊపిరితిత్తుల జబ్బు అనే విన్నాం. 2001లో ఆ గనులు మూతపడ్డాయి. ‘అక్కడి మట్టి దిబ్బల మీద డిటెక్టర్ తిప్పితే ఏమైనా దొరుకుతుందా’ అని చుట్టాలు అడుగుతుంటారు. దొరకదు. కోలారు రాయిలో బంగారం చాలావరకు కంటికి కనపడనంత సన్నటి రేణువులుగా ఉంటుంది. టన్ను రాయికి కొన్ని గ్రాములు. రాయిని పొడి కొట్టి, రసాయనాలతో తీయాలి. డిటెక్టర్‌కు ముద్ద కావాలి. పొడిగా పరుచుకున్న బంగారం ఎంత ఉన్నా దానికి తెలియదు. విక్టోరియాలో పలుగురాతి చారల్లో పుట్టిన ముద్దలు రాయి చివికిపోయి బయటపడ్డాయి. వాననీటికి వాలు వెంట దిగాయి. బరువు వల్ల అడుగున ఉన్న బంకమట్టి దాకా కుంగి అక్కడే ఉండిపోయాయి. ఆ బంకమట్టి పొర పైకి ఉన్న చోట మనిషి చేతిలోని మెషిన్‌కు అందుతాయి.

మెషిన్ కంటే ముందు కాగితం. దాన్ని మైనర్స్ రైట్ అంటారు. పదేళ్లు చెల్లుతుంది, ఖర్చు పెద్దగా లేదు, ఆన్‌లైన్‌లో తీసుకున్నాం. దీని పుట్టుక చిన్నది కాదు. 1854 డిసెంబరులో బల్లారట్‌లో యురేకా స్టాకేడ్ తిరుగుబాటు జరిగింది. నెలనెలా కట్టాల్సిన లైసెన్సు మీద గని కూలీల కోపం అది. మరుసటి ఏడాది ఆ లైసెన్సు తీసేసి మైనర్స్ రైట్ తెచ్చారు. ఇది చేతిలో ఉంటే వేరే నిషేధం లేని ప్రభుత్వ భూమిలో చేతి పనిముట్లతో, డిటెక్టర్‌తో వెతకొచ్చు. దొరికిన బంగారం మనదే. ప్రైవేటు పొలమైతే యజమాని ఒప్పుకోవాలి. నేషనల్ పార్కుల్లో మామూలుగా కుదరదు. వేరేవాళ్ల మైనింగ్ లైసెన్సు ఉన్న చోట వాళ్ల అనుమతి కావాలి. ప్రభుత్వం పెట్టిన జియోవిక్ అనే ఆన్‌లైన్ మ్యాపులో ఏది ఎక్కడ ఉందో చూసుకోవచ్చు. అక్కడి నేల జజా వురంగ్ ఆదివాసులది, వాళ్ల వారసత్వ స్థలాలను ముట్టుకోకూడదు. తవ్విన గుంత పూడ్చాలి.

అమ్మకు ఫోన్లో ఇదంతా చెబితే, ‘గుప్త నిధులకా? పోలీసులు పట్టుకుపోతారేమో నాయనా’ అంది. ఆమె భయంలో అర్థముంది. మన దగ్గర 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దాచిన సొత్తు పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు చెప్పి తీరాలి. గుళ్లూ కోటలూ తవ్వేవాళ్ల వార్తలు వారం వారం చూస్తూనే ఉన్నాం. ఆ పనికీ దీనికీ పోలిక లేదని అమ్మను నమ్మించడం మైనర్స్ రైట్ తీసుకోవడం కంటే కష్టమైంది.

ఏప్రిల్

డిటెక్టర్ల దుకాణంలో మొదట చెప్పేది లోతు గురించే. ఎంత లోతు పడుతుంది, ఎంత చిన్నది పడుతుంది అని. చదివినకొద్దీ నాకు తేలింది వేరు. ఇక్కడ మెషిన్‌కు అసలు పోటీ లోతు కాదు, మట్టి.

విక్టోరియా బంగారు నేల చాలా చోట్ల ఎర్రగా ఉంటుంది. అందులో ఇనుప ఆక్సైడ్లు, ఇనుపరాళ్లు దండిగా ఉంటాయి. అవన్నీ డిటెక్టర్‌కు లోహంలాగే కనబడతాయి. ముందు మట్టినే పరీక్షించాం. పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి డనోలీ అడవిలో నేల మీద దొర్లించాం. కవరు బయట నల్లటి, తుప్పు రంగు పొడి దట్టంగా అంటుకుంది. ఇంటి దగ్గర బీచ్ ఇసుకలో అదే అయస్కాంతానికి చెప్పుకోదగ్గట్టు ఏమీ అంటలేదు. ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా మెషిన్ కొనకూడదని నా అభిప్రాయం.

మార్కెట్లో ముఖ్యంగా రెండు జాతులున్నాయి. ఒకటి వీఎల్ఎఫ్, అంటే వెరీ లో ఫ్రీక్వెన్సీ. నేల మీద ఊపే పళ్లెంలాంటి భాగాన్ని కాయిల్ అంటారు, అందులోంచి ఎడతెగకుండా తరంగం పంపిస్తుంది. లోహం తగిలితే తిరిగొచ్చే సంకేతం కాస్త వెనకబడుతుంది. ఎంత వెనకబడిందన్న దాన్ని బట్టి ఇనుమా, ఇంకేదైనానా అని అంచనా చెబుతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ చిన్న బంగారం బాగా పడుతుంది. కానీ ఇనుము కలిసిన మట్టికి గోల కూడా పెరుగుతుంది. రెండోది పల్స్ ఇండక్షన్, పొట్టిగా పీఐ అంటారు. ఒక్క దెబ్బ కరెంటు పంపి, ఆపేసి, నేలలో మిగిలిన సంకేతం ఎంతసేపట్లో ఆరిపోతుందో వింటుంది. మట్టి సంకేతం చాలావరకు తొందరగా ఆరిపోతుంది కాబట్టి ఎర్రనేలలో ఇది నిమ్మళంగా పనిచేస్తుంది. లోటేమిటంటే ఇది ఇనుమును సరిగా వేరు చేయలేదు. మోగిందల్లా తవ్వాలి.

చాలామంది వాడేది మైన్‌ల్యాబ్ బ్రాండు. 1985లో అడిలైడ్‌లో మొదలైన ఆస్ట్రేలియా కంపెనీయే, ఇక్కడి మట్టి దానికి తెలిసిన మట్టి. వాటిలో పెద్దది జీపీజెడ్ 7000. మూడు కిలోల పైన బరువు, ధర చూసి ట్యాబ్ మూసేశాను. జీపీఎక్స్ 6000 తేలిక, రెండు కిలోల పైచిలుకు. వాడినవాళ్లంతా మెచ్చుకుంటున్నారు, కానీ హాబీ కోసం అంత పెట్టడానికి నాకు చేయి రాలేదు. చవకలో గోల్డ్ మాన్‌స్టర్ 1000 ఉంది. 45 కిలోహెర్ట్జ్ వీఎల్ఎఫ్, అన్నీ తనే సెట్ చేసుకుంటుంది. మధ్యలో ఎస్‌డీసీ 2300 ఉంది, అది పీఐ. మిలిటరీవాళ్లు మందుపాతరలు వెతికే మెషిన్‌లోంచి వచ్చిన డిజైన్. మడిస్తే 40 సెంటీమీటర్లు అవుతుంది, నీళ్లలోనూ తడవొచ్చు.

బావమరిది ఆగలేక మాన్‌స్టర్ కొనేశాడు. దాన్నే ఎర్రనేల మీదికి తీసుకెళ్లాం. పలచగా, తెల్లగా ఉన్న గులకనేల మీద మెషిన్ చక్కగా మాట్లాడింది. ఎర్రమట్టి దగ్గరికి రాగానే ప్రతి రెండడుగులకూ మోత. కాలిన ఇటుకలా కనబడే రాళ్లుంటాయి, వాటిని ఇక్కడ ‘హాట్ రాక్స్’ అంటారు. ఒక్కో రాయీ బంగారంలాగే పలుకుతుంది. సెన్సిటివిటీ తగ్గిస్తే నిశ్శబ్దం వచ్చింది, కానీ పరీక్ష కోసం మేమే పూడ్చిన సీసపు గుండు కూడా పలకలేదు.

‘బావా, ఇది పాడైపోయిందా?’ అన్నాడు వాడు.

‘మెషిన్ బాగానే ఉందిరా, మట్టే దానికి పడటం లేదు’ అన్నాను.

నేను సెకండ్‌హ్యాండ్ ఎస్‌డీసీ 2300 వైపు మొగ్గాను. చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కాయిల్ దగ్గర తీగ మడత పడి నలిగిందేమో వంచి చూడాలి, మెషిన్ ఆన్‌లో ఉండగా తీగ కదిపితే మోగకూడదు. బ్యాటరీ గదిలో పచ్చటి తుప్పు ఉండకూడదు. కాయిల్ అడుగున ప్లాస్టిక్ కవచం ఎంత అరిగిందో చూస్తే దాన్ని ఎంత వాడారో తెలుస్తుంది. నకిలీలు తిరుగుతుంటాయి కాబట్టి సీరియల్ నంబరు సరిచూసుకోవాలి. అమ్మినాయన పెద్దాయన. మోకాళ్ల నొప్పులని అమ్మేస్తున్నాడు. బేరం కంటే ఎక్కువసేపు కాయిల్‌ను ఎంత నిదానంగా ఊపాలో చూపించాడు.

మే

ఇంట గెలిచి రచ్చ గెలవాలి కదా, ముందు ఇంట్లో మొదలుపెట్టాను. గెలుపు మాట అటుంచి, హాల్లో మెషిన్ ఆన్ చేస్తే ఒకటే కూత. గోడల్లో వైర్లు, వైఫై, పక్కింటి సోలార్ ఇన్వర్టర్, నా జేబులో ఫోన్, అన్నీ కలిసి. పెరట్లో కూడా అంతే. టెన్షన్ పడి తిరిగి ఇచ్చేయాల్సిన పని లేదు, ఊళ్లో ఏ పీఐ మెషినైనా ఇలాగే ఉంటుంది. కరెంటు తీగలకు దూరంగా ఉన్న ఖాళీ గ్రౌండుకు వెళ్తే నోరు మూసింది.

నగలతో పరీక్షించాలన్నది మా ఆవిడ ఐడియా. ‘దొరికేది తర్వాత, ఉన్నది పారేయకండి’ అంటూనే ఇచ్చింది. ఉంగరం గట్టిగా పలికింది. కాసు బరువున్న సన్న గొలుసు దాదాపు కాయిల్‌కు ఆనిస్తే తప్ప పలకలేదు. ఆమె గొలుసు కల్తీదని అనుమానపడటం మొదలుపెట్టింది, నగల షాపు పేరు కూడా ఎత్తింది. విషయం అది కాదు. డిటెక్టర్ లోహంలో సుడి కరెంటు పుట్టించి దాన్ని వింటుంది. ఉంగరం మూసిన వలయం, కరెంటు చుట్టూ తిరుగుతుంది. గొలుసులో లింకులు ఒకదానికొకటి ఊరికే తగులుతూ ఉంటాయి, కాబట్టి మెషిన్‌కు అది ఎనిమిది గ్రాముల ముద్దగా కాక ఎన్నో చిన్న తునకలుగా కనబడుతుంది. అందుకే నగలతో పరీక్షిస్తే మెషిన్ గురించి తప్పు అంచనా వస్తుంది. నగ్గెట్, అంటే నేలలో దొరికే బంగారపు ముద్ద, ఉంగరం కాదు, గొలుసూ కాదు.

బంగారపు ముద్దకు చవకైన బదులు సీసం. ఎయిర్‌గన్ పెల్లెట్లు తెచ్చాను. చిన్న సైజుది అరగ్రాము, పెద్దది గ్రాముకు కాస్త తక్కువ. బంగారం సీసం కంటే చాలా సాంద్రం కాబట్టి అదే బరువు నగ్గెట్ ఇంకా చిన్నగా ఉంటుంది. లెక్కలో అది గుర్తుంచుకోవాలి. పెల్లెట్లను సుత్తితో కొంచెం చప్పగా కొట్టి, పాత ప్లాస్టిక్ కార్డులకు అతికించి, రెండు, నాలుగు, ఆరు అంగుళాల లోతుల్లో పూడ్చాను. రెండంగుళాలది ఎవరికైనా వినబడుతుంది. నాలుగు దగ్గర హెడ్‌ఫోన్ ఉంటేనే తెలిసింది. ఆరు దగ్గర నేను విన్నదంతా నా కోరికే అనుకుంటా.

హెడ్‌ఫోన్ మీద ఖర్చు దండగ అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. గాలి, కకాటూ చిలుకల అరుపులు, ఎండుటాకుల చప్పుడు మధ్య స్పీకర్ మీద ఆధారపడితే మెషిన్‌లో సగం వాడనట్టే.

జూన్

అసలు సెటప్ అడవిలోనే. మేం అలవాటు చేసుకున్న వరస ఇది. ఆన్ చేశాక కొన్ని నిమిషాలు వేడెక్కనివ్వాలి, లేకపోతే చేసిన సెట్టింగ్ జారిపోతుంది. తర్వాత నాయిస్ క్యాన్సిల్. కాయిల్‌ను కదపకుండా పట్టుకుంటే మెషిన్ గాలిలోని గోల తక్కువున్న చానెల్ ఎంచుకుంటుంది. ఇద్దరం పక్కపక్కనే మొదలుపెడితే ఒకరి మెషిన్ ఇంకొకరికి గోల, కాబట్టి దూరంగా విడిపోయాకే ఇది చేయాలి. ఆ తర్వాత గ్రౌండ్ బ్యాలన్స్. లోహం ఏదీ లేని చోటు చూసుకుని కాయిల్‌ను నేలకు దగ్గరగా పైకీ కిందికీ ఆడించాలి. మొదట్లో ప్రతి దింపుకూ ఒక మూలుగు వస్తుంది, నాలుగైదుసార్లకు అది కరిగిపోతుంది. మట్టి తన మాట తను చెప్పుకుని ఊరుకుంటుందన్నమాట. కింద మేకు ఉన్న చోట బ్యాలన్స్ చేస్తే ఆ మేకును కూడా మట్టి లెక్కలో కలిపేస్తుంది, అందుకే ఒక అడుగు పక్కకు జరిగి మళ్లీ సరిచూస్తాం.

థ్రెషోల్డ్ అంటే వెనకాల ఎప్పుడూ వినబడే సన్నటి హమ్. కొత్తవాళ్లు దాన్ని చిరాకని పూర్తిగా తగ్గించేస్తారు. కానీ లోతున్న చిన్న ముక్క ‘బీప్’ అనదు, ఆ హమ్ కొద్దిగా ఉబ్బి సర్దుకుంటుంది, అంతే. హమ్ లేకపోతే ఆ ఉబ్బూ లేదు. దోమ రొదంత వినబడేలా పెట్టుకున్నాను.

సెన్సిటివిటీ దగ్గరే మా ఇద్దరికీ వాదన. వాడు ఎప్పుడూ పైకి తిప్పుతాడు. ఎర్రమట్టిలో పెంచితే మట్టి మోతే ముందు పెరుగుతుంది, దాని కింద చిన్న సంకేతం మునిగిపోతుంది. కింది నుంచి మొదలుపెట్టి, హమ్ వణకడం మొదలైన చోట ఒక మెట్టు దించితే, అదే పెల్లెట్ నాకు ఇంకా స్పష్టంగా వినబడింది. తక్కువ పెడితే ఎక్కువ వినబడటం వాడికి ఇప్పటికీ నచ్చలేదు. పూడ్చిన కార్డు మీద రెండు రకాలుగా ఊపి చూపించాక నసుగుతూ ఒప్పుకున్నాడు.

బూట్లలో స్టీల్ ముక్కు ఉంటే కాయిల్ కాలి దగ్గరికి వచ్చినప్పుడల్లా మోగుతుంది. బెల్టు బకిల్, తాళాలు కూడా ఇబ్బందే. గడ్డపార లాంటి బరువైన సామాను వద్దు. పొట్టి పిడి పిక్‌యాక్స్ ఒకటి, దాని తల వెనక అయస్కాంతం ఉంటే తవ్విన మట్టిలోంచి మేకు దానంతటదే అంటుకుంటుంది. ప్లాస్టిక్ గరిట తప్పనిసరి. సంకేతం గుంతలోంచి తవ్విన కుప్పలోకి మారాక, గరిటెడు తీసి కాయిల్ మీద ఆడించాలి. మోగితే సగం పారబోసి మళ్లీ ఆడించాలి. అలా సగం, సగంలో సగం చేస్తూ పోతే చివరికి అరచేతిలో చిటికెడు మట్టి మిగులుతుంది.

జాగ్రత్తలు చెప్పకపోతే తప్పు. పాత గని గుంతలు ఈ అడవుల్లో ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. కొన్నింటి నోటి చుట్టూ గడ్డి మొలిచి అసలు కనబడవు. హెడ్‌ఫోన్ పెట్టుకుని నేల చూస్తూ వెనక్కి నడవకూడదు. చలికాలం ఎంచుకోవడానికి పాములు కూడా ఒక కారణం. వానకు నేల మెత్తబడి తవ్వడం తేలికవడం రెండో కారణం.

జులై

ఇప్పటిదాకా బయటపడ్డవి: తుపాకీ గుళ్లు, తూటా తొడుగులు, డబ్బా మూతలు, తీగ ముక్కలు, బూటు మేకులు. ఈ బూటు మేకులు మహా మోసగత్తెలు. పాత రోజుల గని కూలీల తోలుబూట్ల అడుగున కొట్టిన చిన్న మేకులు, ఎస్‌డీసీకి తియ్యటి మెత్తటి సంకేతం ఇస్తాయి. ఒకరకంగా చూస్తే అవి మంచి గుర్తే. మేకులు ఉన్నాయంటే జనం అక్కడ తిరిగారు, తిరిగారంటే ఏదో ఉండబట్టే. మేకులు ఒక్కటీ రాని నేలలో ఎక్కువసేపు ఉండటం మానేశాం.

సీసం దొరికితే బావమరిది పారేయబోతాడు. నేను దాచుకుంటున్నాను. అంత చిన్న సీసం అంత లోతులో వినబడిందంటే మెషిన్, మనిషి ఇద్దరూ సరిగ్గా ఉన్నట్టే.

బంగారం టర్నగల్లా దగ్గర పలికింది. పెద్ద గుంతల వైపు వెళ్లలేదు. 19వ శతాబ్దంలో పైమట్టిని పారతో చెక్కి, తీసుకెళ్లి కడిగేసిన చోట్లున్నాయి, వాటిని సర్ఫేసింగ్స్ అంటారు. మిగిలిన నేల పలచగా ఉంటుంది, బంకమట్టి నాలుగైదు అంగుళాల్లోనే తగులుతుంది. వాళ్లు చెక్కకుండా వదిలేసిన అంచు వెంట కాయిల్‌ను నేలకు రాసుకునేలా ఊపుతూ వెళ్లాను. హమ్ ఉబ్బింది. అడ్డంగా ఊపినా, నిలువుగా ఊపినా ఉబ్బింది. హాట్ రాక్ అయితే కాయిల్ కొంచెం ఎత్తగానే సాధారణంగా మాయమవుతుంది, ఇది నిదానంగా తగ్గింది. బూటుతో పైమట్టి తోశాను, సంకేతం పెరిగింది. గరిటలో సగాలు చేస్తే చివరికి అరచేతిలో పసుపుపచ్చ గింజ.

ఇంటికొచ్చి తూచాం. 0.4 గ్రాములు. మూడు గురివింద గింజల పైమాటే. విక్టోరియా బంగారం మామూలుగా 95 శాతానికి పైగా శుద్ధం, అంటే మన 22 క్యారెట్ నగ కంటే మేలు. పంచదార గింజలా గరుకుగా ఉంది, పక్కన పలుగురాయి చిన్న తునక ఇంకా అంటుకునే ఉంది. నీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో కడిగాను, ఆసిడ్ జోలికి పోలేదు. అమ్మకు వీడియో కాల్‌లో చూపిస్తే, ‘కంసాలికి ఇస్తే తరుగులోనే పోతుంది, అలాగే ఉంచు’ అంది.

మెషిన్ ధరకు, పెట్రోలుకు ఈ గింజ ఎక్కడా సరిపోదు. లాభం కోసం చేసేవాళ్లకు ఈ పని చెప్పను.

బావమరిది ఇప్పుడు మాన్‌స్టర్ అమ్మేసి జీపీఎక్స్ కొంటానంటున్నాడు. నేను వద్దంటున్నాను. వాడి మెషిన్ తెల్లటి గులకనేలలో నా దానికంటే సన్నటి బంగారం పట్టగలదు, పైగా ఇనుమును వేరు చేసి చెబుతుంది. ఇప్పటిదాకా నేనే వాణ్ని నా ఎర్రమట్టికి లాక్కెళ్తున్నాను. ఆగస్టులో వాడి లెక్క ప్రకారం వెళ్తాం. అయస్కాంతం పట్టుకుని వెడర్‌బర్న్ వైపు నాలుగైదు వాగులు చూసి, పొడి తక్కువ అంటిన చోట వాడు మాన్‌స్టర్‌కు ఐదంగుళాల చిన్న కాయిల్ తగిలించాలి. ఎస్‌డీసీ నా చేతిలోనే ఉంటుంది. వాడు గుర్తుపెట్టిన చోట్లే నేనూ ఊపి, రెండింటికీ ఏది వినబడిందో ఒకే కాగితం మీద రాయాలని ఒప్పందం. జీపీఎక్స్ సంగతి ఆ కాగితం చూశాకే.